వల కన్ను, వేట సెలవు, పట్టు పత్రం: చేపల వేట నిబంధనలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చేపల వేట నిబంధనలు తరచుగా మారుతున్నాయి కాబట్టి వాటిపై ప్రశ్నలు పంపవలసిందిగా కోరినప్పుడు, సముద్రం ముఖం చూడని నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. చదివిన తరువాత కారణం తెలిసింది. ఇక్కడి అంగట్లో అమ్మే చేపలో కొంత తీరం నుంచి వస్తున్నది, ఇక్కడి ఆడపిల్లలు కొందరు తీరంలోని రొయ్యల ఫ్యాక్టరీలలో పనిచేస్తున్నారు, తీరంలో బతుకు సాగని మత్స్యకారులు వలలు పట్టుకొని మన కృష్ణ ఒడ్డుకే వస్తున్నారు. వచ్చిన వాటిలో ఐదు ప్రశ్నలకు ఈ సంచికలో జవాబిస్తున్నాము.

ప్రశ్న: నేను నల్లగొండలో చేపల వ్యాపారం చేస్తాను. ఏటా ఏప్రిల్ మధ్య నుంచి సముద్రపు చేప రాక తగ్గి ధర పెరుగుతుంది, జూన్ మూడో వారంలో ఒక్కసారిగా పడిపోతుంది. ఈ వేట నిషేధం వల్ల నిజంగా చేప పెరుగుతుందా, లేక మాలాంటి వారికి నష్టం తప్ప మరేమీ లేదా?

జవాబు: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు, 61 రోజులపాటు ఇంజన్ ఉన్న బోట్లు వేటకు వెళ్ళకూడదు. 2015కు ముందు ఈ గడువు 47 రోజులు మాత్రమే. దేశంలో మొదటగా 1988లో కేరళ బోటు వెనుక వలను ఈడ్చుకుంటూ వెళ్ళే వానాకాలపు ట్రాలింగ్‌ను ఆపింది, తరువాత మిగిలిన తీర రాష్ట్రాలు అదే దారి పట్టాయి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని కదిలించకూడదన్నది దీని ఉద్దేశం, ఆ ఉద్దేశాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. అయితే సెలవు ఒక్కటే చేపను పెంచదు. నిషేధం ముగిసిన రోజు తెల్లవారుజామున రేవులో ఉన్న బోట్లన్నీ ఒకే నీళ్ళ మీదికి ఒకేసారి వెళ్తాయి. బోట్ల సంఖ్య తగ్గకుండా, ఇంజన్ శక్తి తగ్గకుండా, వల కన్ను (దారాల మధ్య ఖాళీ) పెద్దది కాకుండా రెండు నెలలు ఆగినంత మాత్రాన, ఆ రెండు నెలల్లో పుట్టిన పిల్ల ఆ తరువాతి రెండు నెలల్లోనే వలలో పడుతుంది. నిషేధం అవసరమే కానీ, అది పనిచేయాలంటే వల కన్ను మీద కూడా అంతే శ్రద్ధ ఉండాలని మా అభిప్రాయం.

ఇక నష్టం సంగతి. బోటు యజమాని ఆ రెండు నెలల్లో బోటును ఒడ్డుకు లాగి, అడుగు చెక్కలు మార్చి, ఇంజన్ విప్పి బాగు చేయించుకుంటాడు. అతనికి అది ఖర్చుల కాలమే అయినా, పూర్తిగా వృథా పోయే కాలం కాదు. బోటు మీద పనిచేసే కళాసీకి జీతం ఉండదు, పట్టిన చేపలో పాలు, అంటే వాటా, ఉంటుంది కాబట్టి, పట్టు లేని రోజున పాలూ లేదు. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలానికి ఇచ్చే సాయాన్ని 2025లో కుటుంబానికి 20,000 రూపాయలకు పెంచింది. కానీ ఆ సాయం ప్రధానంగా బోటెక్కేవారి పేరు మీదనే నడుస్తుంది. రేవులో మంచు గడ్డలు కొట్టే కూలికి, గంప నెత్తిన పెట్టుకొని వీధి వీధి తిరిగే అమ్మకు, చేపను ఆటోలో తోలే అబ్బాయికి కూడా అదే రెండు నెలలు పని ఉండదన్న సంగతి లెక్కలోకి రావడం లేదు.

మీరు చెప్పిన జూన్ మూడో వారపు పతనానికి కారణం కూడా ఇదే. వేట తెరవగానే సరుకు ముంచెత్తుతుంది. శీతల గిడ్డంగి ఉన్న పెద్ద ప్రాసెసింగ్ కంపెనీ ఆ వారంలో చౌకగా కొని నిలవ చేసుకుంటుంది. థర్మోకోల్ పెట్టె, రెండు మంచు గడ్డలు ఉన్న మీరు మరునాటికే అమ్ముకోవాలి. మీకు ఒక అనుకూలత మాత్రం ఉన్నది. సముద్రం మూతపడే ఏప్రిల్, మే నెలల్లోనే మన చెరువుల్లో నీరు అడుగంటి సొసైటీలు చేపలు పట్టిస్తాయి. ఫిబ్రవరిలోనే ఒకటి రెండు సొసైటీలతో మాట్లాడి, ధర ముందే ఖాయం చేసుకొని, ఆ రెండు నెలలు బొచ్చె, రోహు మీద నడిపితే మీ కొట్టు మూసే అవసరం రాదు.

ప్రశ్న: మాది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. నేను మత్స్యకార సొసైటీ సభ్యుడిని. ప్రభుత్వం శ్రీశైలం వెనుక నీళ్ళలో చేపపిల్లలను వదిలిన కొద్ది వారాలకే, కన్ను చాలా చిన్నగా ఉండే అలివి వలలు దిగుతున్నాయి. ఫిర్యాదు చేస్తే నాలుగు రోజులు ఆగుతాయి, ఐదో రోజు మళ్ళీ మొదలవుతాయి. నిషేధం ఉన్నా ఎందుకు ఆగడం లేదు?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలోని బాధ మాకు అర్థమైంది, ఎందుకంటే సోమశిల దగ్గర ఒడ్డు మీద ఆరబోసిన చేపలను మేము కళ్ళారా చూశాము. గుప్పెడు ఎత్తి అరచేతిలో పోసుకుంటే, ఒక్కొక్కటి చిటికెన వేలంత కూడా లేదు. కొన్నింటికి ఒంటికి మించిన తల ఉన్నది. అవి బొచ్చె పిల్లలని చెప్పడానికి ఆ తలే చాలు. 2016-17 నుంచి రాష్ట్రంలో నూరు శాతం ప్రభుత్వ ఖర్చుతో చేపపిల్లలను వదులుతున్నారు. పెద్ద జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాదంతా నీరు నిలవని చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను ఎంచుతారు. 100 మిల్లీమీటర్ల పిల్ల పది పదిహేను గ్రాములు తూగుతుంది. అంటే ఎనభై పిల్లలను పడితే పచ్చి చేప కిలో, ఎండితే పావు కిలో. ఆ ఎనభైలో సగం చచ్చినా, మిగిలిన నలభై ఏడాది నీళ్ళలో ఉంటే, తలా ఒక కిలో చొప్పున నలభై కిలోలు మీ పుట్టి పడవలోకి వచ్చేవి. పావు కిలో ఎండు చేప కోసం నలభై కిలోల పచ్చి చేప పోతున్నదన్న ఈ ఒక్క లెక్కను ఏ అధికారి ముందు పెట్టినా, వేరే వాదన అక్కరలేదు.

చట్టం కొత్తది కాదు. 1897 నాటి భారత మత్స్య చట్టమే మందుగుండుతో, విషంతో చేపలు చంపడాన్ని నేరమన్నది, వలల తీరును, కన్ను కొలతను నియమాల ద్వారా నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. కానీ ఆ మూల చట్టంలో మందుగుండుకు, విషానికి రాసిన శిక్ష రెండు నెలల జైలు, లేదా 200 రూపాయల జరిమానా. నూట పాతికేళ్ళ కిందట 200 రూపాయలు ఒక కుటుంబాన్ని కుదిపేసే సొమ్ము. ఈనాడు అలివి వల ఒక్క రాత్రి పట్టుతో పోల్చితే దానికి విలువే లేదు. మారవలసిన నిబంధన ఏదైనా ఉంటే మొదట ఇదే మారాలి.

రెండో కారణం నది మధ్యలో ఉన్నది. సోమశిల ఒడ్డు మనది, ఎదురుగా కనిపించే సిద్ధేశ్వరం ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది. 2014 తరువాత ఒకే నీటి మీద ఇద్దరు అధికారులు, రెండు లైసెన్సు పద్ధతులు ఏర్పడ్డాయి. మన వైపు తనిఖీ వస్తున్నదని తెలియగానే వల అవతలి ఒడ్డుకు చేరుతుంది. చేపకు సరిహద్దు తెలియదు కాబట్టి, రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు ఒకే రోజున రెండు ఒడ్ల మీద తనిఖీ చేయనంతవరకు ఈ దోబూచులాట తప్పదు.

మూడో కారణాన్ని కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది. అలివి వల లాగేవారిలో చాలామంది కోస్తా నుంచి వచ్చిన పేదలు. విశాఖ, తూర్పు గోదావరి తీరాల నుంచి శ్రీశైలం, సాగర్ జలాశయాల మీదికి మత్స్యకారులు రావడం దశాబ్దాలుగా ఉన్నది. తీరంలో ట్రాలర్లు పెరిగిన కొద్దీ తెప్ప మీద బతికేవారికి చేప దూరమైంది. అక్కడ ఓడిపోయినవారే ఇక్కడికి వస్తున్నారు. అడ్వాన్సు ఇచ్చి వారిని తెచ్చేది, వల కొనిచ్చేది, ఎండిన సరుకును తీసుకుపోయేది వ్యాపారి. మీ ఊరివారికీ వారికీ గొడవ జరిగిన ప్రతిసారీ నష్టపోయేవారు ఇద్దరూ, లాభపడే వ్యాపారి ఆ చోట కనిపించడు. అందువల్ల రాత్రివేళ నీళ్ళలో వలను వెతికి పట్టుకోవడం కంటే, పగటివేళ రోడ్డు మీద ఎండు చేపల బస్తాను పట్టుకోవడం తేలిక, న్యాయం కూడా. బస్తా విప్పితే చాలు, లోపల ఉన్నది బొచ్చె పిల్లా, నదిలో సహజంగా చిన్నగానే ఉండే పరిగె జాతి చేపా అన్నది చేపలు తెలిసిన ఎవరైనా చెప్పగలరు.

మీరు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు వట్టి మాటలు రాయకండి. తడి వలలో ఒక కన్ను తీసుకొని, ఎదురెదురు ముడులను బిగుతుగా లాగి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. తేదీ, స్థలం రాయండి. ఆ ఫొటోతో సొసైటీ తీర్మానాన్ని జతచేసి జిల్లా మత్స్యశాఖ అధికారికి, కలెక్టరుకు ఒకే రోజున ఇచ్చి, రసీదు తీసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి వచ్చే నీళ్ళయితే అటవీశాఖకు కూడా ఒక ప్రతి ఇవ్వాలి, అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి దేవరకొండ నుంచి వెళ్ళి కోస్తాలో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో తల తీసే పని చేస్తున్నది. కొంతకాలంగా వారానికి మూడు నాలుగు రోజులే పని ఇస్తున్నారు. అడిగితే అమెరికా రూల్స్, యూరప్ రూల్స్ అంటున్నారు. ఇది నిజమా, సాకా?

జవాబు: అమ్మా, అందులో నిజమూ ఉన్నది, అయితే ఆ నిజంలోని బరువంతా మీ అమ్మాయి మీదనే పడవలసిన అవసరం లేదు. మన దేశం 2024-25లో సుమారు 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. అందులో పెద్ద భాగం గడ్డకట్టించిన రొయ్య, దాన్ని అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. కొనేవాడు ఒక్కడే పెద్దవాడైనప్పుడు అతడు పెట్టిన షరతు ఫ్యాక్టరీ బల్ల దాకా వస్తుంది.

ఆ షరతులు ఎలా వచ్చాయో వివరిస్తాము. 1989లో అమెరికా ఒక చట్టం చేసి, ట్రాల్ వలలో తాబేలు తప్పించుకుపోయే కమ్మీల చట్రం అమర్చని దేశాల నుంచి సముద్రంలో పట్టిన రొయ్యను కొనబోమన్నది. మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో దాన్ని సవాలు చేసింది. అమెరికా ఆ చట్టాన్ని అమలు చేసిన తీరులో వివక్ష ఉన్నదని 1998లో తీర్పు వచ్చినా, తాబేళ్ళను కాపాడాలన్న లక్ష్యం మాత్రం సమర్థనీయమేనని అదే తీర్పు ఒప్పుకున్నది, చట్టం నిలిచింది. ఆ చట్రం నుంచి కొంత రొయ్య, కొంత చేప కూడా జారిపోతుందని బోటువారు వెనకాడుతారు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చచ్చి ఆంధ్ర తీరానికి కొట్టుకొచ్చే దృశ్యం చూసినవారెవరూ ఆ చట్రం వద్దనలేరు. కానీ జారిపోయిన పట్టు విలువను కళాసీ పాలులోంచి కాకుండా మరో చోటి నుంచి పూడ్చే ఏర్పాటు లేకపోతే, చట్రం బోటు మీద ఉంటుంది, వలలో ఉండదు.

ఐరోపా సంగతి వేరు. 1997లో ఐరోపా సమాఖ్య శుభ్రత చాలదని మన సముద్ర ఉత్పత్తులను కొంతకాలం పూర్తిగా ఆపేసింది. అప్పటివరకు రొయ్య పొట్టు ఒలిచే పని చాలావరకు రేవు పక్క చిన్న షెడ్లలో జరిగేది. ఆ దెబ్బతో ఫ్యాక్టరీలు ఆ పనిని తమ గోడల లోపలికి, టైల్స్ అతికించిన, చల్లటి గదుల్లోకి తెచ్చుకున్నాయి. తినేవారి ఆరోగ్యానికి అది మేలే. కానీ ఇంటి పక్క షెడ్డులో పిల్లను చూసుకుంటూ పనిచేసిన తీరపు మహిళ ఆ గోడల బయట మిగిలిపోయింది, లోపలి బల్లల దగ్గరికి హాస్టళ్ళలో ఉండగలిగే దూరపు ఊళ్ళ పిల్లలను తెచ్చారు. మీ అమ్మాయి అక్కడికి చేరిన దారి అది.

2010 జనవరి 1 నుంచి ఐరోపా మరొకటి అడుగుతున్నది. సముద్రంలో పట్టిన ప్రతి సరుకుకూ ఏ బోటు, ఏ తేదీన, ఎక్కడ పట్టిందో చెప్పే పట్టు పత్రం ఉండాలి. దొంగ వేటను ఆపడానికి ఇది మంచి ఆయుధం. అయితే రేవులో జరిగేది చూడండి. చిన్న బోటు తెచ్చిన పది కిలోలు, మరో బోటు తెచ్చిన ఇరవై కిలోలు ఏజెంటు టబ్బులో కలిసిపోతాయి. కలిసిన టబ్బుకు పత్రం పుట్టదు. అందువల్ల కంపెనీ, లెక్కలు రాయగలిగిన పెద్ద బోటు సరుకు వైపే మొగ్గుతుంది. చేప ఒకటే అయినా కాగితం లేని చేపకు ధర తగ్గుతున్నది.

మీ అమ్మాయి ఒలుస్తున్నది బహుశా చెరువులో పెంచిన వెనామీ రొయ్య అయి ఉంటుంది. దానికి తాబేలు షరతు వర్తించదు, మందుల షరతు వర్తిస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల జాడ ఏమాత్రం ఉన్నా కంటైనర్ వెనక్కి వస్తుంది. 2016 నుంచి మన పెంపకపు సరుకులో సగం కంటైనర్ల నుంచి ఐరోపా నమూనాలు తీసి పరీక్షిస్తున్నది. దీనికి తోడు, వేట నిబంధన కాకపోయినా, 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో కొనుగోళ్ళు ఊగిసలాడాయి. కాబట్టి పని తగ్గడానికి కారణం ఉన్నది.

కానీ ఒక మాట గుర్తుంచుకోండి. తల తీసే పనికి చాలాచోట్ల కిలో లెక్కన ఇస్తారు. కిలోకు 30 తూగే రొయ్య అయితే ముప్పై తలలు తీస్తే కిలో అవుతుంది, 100 కౌంట్ రొయ్య అయితే వంద తలలు తీయాలి. నష్టకాలంలో రైతులు రొయ్యను ముందుగానే పట్టేస్తారు కాబట్టి చిన్న సైజు సరుకు ఎక్కువగా వస్తుంది. అంటే పని దినాలు తగ్గడమే కాదు, పని చేసిన రోజున కూడా అదే కూలికి మూడింతలు వేళ్ళు కదపవలసి వస్తుంది. కౌంటును బట్టి కిలో రేటు మారుతున్నదో లేదో మీ అమ్మాయిని అడగమనండి. తన పేరుతో ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు ఉన్నాయో లేవో కూడా చూసుకోమనండి. మంచు నీళ్ళలో చేతులు పెట్టి గంటలకొద్దీ నిలబడే పనిలో వేళ్ళ చర్మం పగలడం, నడుం పట్టేయడం మామూలు కాబట్టి ఈఎస్ఐ కార్డు ముఖ్యం.

ప్రశ్న: నేను సూర్యాపేటలో పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 2025లో లోతు సముద్ర వేటకు కొత్త నిబంధనలు వచ్చాయని విన్నాను. వాటి సారాంశం చెప్పగలరా?

జవాబు: తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు రాష్ట్రాల అధికారం. ఆంధ్రప్రదేశ్‌కు దీనికోసం 1994 నాటి చట్టం ఉన్నది. 12 నుంచి 200 మైళ్ళ వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల వరకు ఉన్న ప్రత్యేకాధికార ఆర్థిక మండలం (ఈఈజెడ్) కేంద్రానిది. అక్కడ వేటకు సంబంధించి కేంద్రం 2025 నవంబరులో నియమాలు ప్రకటించింది. మరబోట్లు, పెద్ద ఇంజన్ బోట్లు ఆన్‌లైన్‌లో ప్రవేశ అనుమతి తీసుకోవాలి, సంప్రదాయ చిన్న పడవలకు ఆ అవసరం లేదు. ఎల్ఈడీ దీపాలతో వేట, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం నిషిద్ధం. లోతు సముద్రంలో అవకాశాలకు సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. పరీక్షకు ఇంత చాలు. సహకార సంఘానికి లోతు సముద్రపు బోటు కొనే పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందన్నదానిపైనే ఆ ప్రాధాన్యం నిజమవుతుందో లేదో ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: మేము మిర్యాలగూడ ప్రాంతపు మహిళా మత్స్య సహకార సంఘం సభ్యులము. సాగర్ చేపను శుభ్రం చేసి ముక్కలుగా ప్యాక్ చేసి అమ్మే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నాము. ఏ నిబంధనలు వర్తిస్తాయి? ఎగుమతి చేయవచ్చా?

జవాబు: ఎగుమతి ఆలోచనను ఇప్పటికి పక్కన పెట్టండి. ఎగుమతికి కొచ్చి ప్రధాన కార్యాలయంగా ఉన్న సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ దగ్గర నమోదు, ఎగుమతి తనిఖీ మండలి ఆమోదం, ప్రతి దశలో ఉష్ణోగ్రత రాసిన రికార్డులు కావాలి. ఆ ఖర్చు చిన్న సంఘం మోయలేదు. హైదరాబాదు మూడు గంటల దూరంలో ఉండగా మీకు ఆ తొందర కూడా లేదు. దేశంలో అమ్మడానికి ఆహార భద్రతా సంస్థ అనుమతి, మంచి నీరు, మురుగు పోయే దారి, ఈగలు రాని గది ఉంటే మొదలుపెట్టవచ్చు.

లెక్క మాత్రం జాగ్రత్తగా వేసుకోండి. బొచ్చెకు తల పెద్దది. తల, పొలుసు, పొట్ట తీసేస్తే కిలో చేపలో ముక్కలకు మిగిలేది ముప్పావు కిలో కంటే తక్కువే. ఒడ్డున కిలో ధర చూసి ముక్కల ధర నిర్ణయిస్తే మొదటి నెలలోనే నష్టపోతారు. తలలను విడిగా అమ్మండి, మన దగ్గర వాటికి గిరాకీ ఉన్నది. పుట్టి ఒడ్డు చేరిన క్షణం నుంచే చేపకు చేపంత బరువు మంచు పడాలి. గడ్డకట్టించి నిలవ చేస్తే మైనస్ 18 డిగ్రీలకు పైకి రాకూడదు, కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోండి. ముక్కలు కోసే యంత్రం కంటే ముందు కొనవలసింది మంచు పెట్టెలు, జనరేటరు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు యూనిట్ ఖర్చులో 60 శాతం, ఇతరులకు 40 శాతం సాయం ఉన్నది. మీరు దరఖాస్తు చేసే నాటికి పథకం గడువు ఉన్నదో లేదో, ఏ యూనిట్లకు వర్తిస్తున్నదో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. సాయం చాలావరకు పని జరిగిన తరువాత విడతలుగా వస్తుంది కాబట్టి మొదటి పెట్టుబడికి బ్యాంకు అప్పు అవసరం. బ్యాంకు మేనేజరు మొదట అడిగేది, నెలకు మీ సంఘానికి ఎంత చేప వస్తుందన్నది. దానికి నోటిమాట సరిపోదు. ఏ రోజు, ఎవరి పుట్టి, ఏ చేప, ఎన్ని కిలోలు, ఏ ధర అని రాసిన తూకం పుస్తకం చూపించాలి. రేపు ఎగుమతిదారు ఎవరైనా మీ దగ్గర కొనడానికి వచ్చినా అడిగేది ఆ పుస్తకాన్నే. గత సంవత్సరానిది మీ దగ్గర లేకపోతే, రేపు ఉదయం ఒడ్డుకు వచ్చే మొదటి పుట్టి నుంచే రాయడం ప్రారంభించండి.